కొత్త కార్పొరేటర్ గెలిచారు.. ఇక ఎవరిని ఏం అడగాలి? గిలకలదిండిలో ఎవరి పని ఎవరిది?

కుళాయి రాకపోతే కార్పొరేటర్. డ్రెయిన్ పొంగితే కార్పొరేటర్. పెన్షన్ ఆగినా, రేషన్ కార్డులో పేరు ఎగిరిపోయినా, పక్కింటివాళ్లు గోడ జరిపి కట్టినా, ఆఖరికి పిల్లాడికి కాలేజీ సీటు కావాలన్నా కార్పొరేటరే. గెలిచిన మర్నాటి నుంచే ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు పెరుగుతాయి. అయితే జనం తీసుకెళ్లే పనుల్లో చాలావాటికి కార్పొరేటర్ దగ్గర అధికారం ఉండదు. నిజంగా అధికారం ఉన్న పనుల గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఆ పనులు ఇంటి గుమ్మం దగ్గర జరగవు, కౌన్సిల్ హాల్లో అజెండా కాగితాల మీద జరుగుతాయి.

ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది ఓటరే. తప్పు గుమ్మం ముందు మూడు నెలలు తిరిగితే ఆ మూడు నెలల్లో అసలు దరఖాస్తు గడువు దాటిపోవచ్చు. అందుకే ఈసారి మచిలీపట్నం నగరపాలక సంస్థ పరిధిలోని గిలకలదిండిని ఉదాహరణగా తీసుకుందాం. ఒకవైపు ఫిషింగ్ హార్బర్, ఒకవైపు పట్నం, చుట్టూ ఆటుపోట్లకు లోబడే కాలువలు. ఒక్క వీధిలోనే ఐదారు శాఖల పనులు కలిసిపోయే చోటు ఇది. ఇక్కడ ఎవరి పని ఎవరిదో అర్థమైతే మిగతా ఊళ్లలో తేల్చుకోవడం కష్టం కాదు.

కార్పొరేటరా, కౌన్సిలరా, వార్డు మెంబరా?

బందరులో గెలిస్తే కార్పొరేటర్ అంటాం, గుడివాడలో గెలిస్తే కౌన్సిలర్ అంటాం. దివిసీమకు వెళ్లి నాగాయలంకలో గెలిస్తే వార్డు మెంబరు. పేరుతో పాటు చట్టం కూడా మారుతుంది. నగరపాలక సంస్థలకు 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, మున్సిపాలిటీలకు 1965 చట్టం, గ్రామ పంచాయతీలకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తాయి. కార్పొరేషన్‌లో డివిజన్ అంటారు, మున్సిపాలిటీలో వార్డు అంటారు. మాట్లాడేటప్పుడు మాత్రం అందరం వార్డు అనే అంటాం, అందులో తప్పేం లేదు.

బందరు పురపాలన ఈనాటిది కాదు. ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది 1866లో. దాన్ని కార్పొరేషన్‌గా పెంచింది 2015లో. కార్పొరేషన్ హోదాలో తొలి ఎన్నిక మాత్రం 2021 మార్చి 10న జరిగింది, మొత్తం 50 డివిజన్లకు. అంతకుముందు 2019 జులైలో పాత పాలకవర్గం గడువు ముగిశాక దాదాపు 20 నెలలు ప్రత్యేకాధికారి పాలనే.

ఐదేళ్ల గడువును గెలిచిన రోజు నుంచి లెక్కపెట్టరు. తొలి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి లెక్క. 2021లో గెలిచినవాళ్లకు అది మార్చి 18. గడువు పూర్తయి కొత్తవాళ్లు ఇంకా రాకపోతే కౌన్సిల్ అధికారాలను ప్రత్యేకాధికారి చూస్తారు. అందుకని ఏ అర్జీ అయినా రాసేముందు మీ ఊళ్లో ప్రస్తుతం ఉన్నది పాలకవర్గమా, ప్రత్యేకాధికారా అన్నది ఒకసారి చూసుకోండి. మాజీ కార్పొరేటర్ లెటర్‌హెడ్ మీద తెచ్చిన సిఫార్సును అధికారి పక్కన పడేసినా అడగడానికి ఉండదు.

దివిసీమ వాళ్లకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. గ్రామ సర్పంచ్ నిధుల విషయంలో నేరుగా బాధ్యుడు, ఖర్చు చేసే అధికారంలో భాగస్వామి. బందరు కార్పొరేటర్‌కు ఆ చెక్ పవర్ లేదు. "మా అత్తగారి ఊళ్లో సర్పంచ్ నెలలో రోడ్డు వేయించాడు, మా కార్పొరేటర్ ఎందుకు వేయించడు?" అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం కింద చూద్దాం.

చేతిలో ఉన్న అధికారం ఎంత?

చట్టం ప్రకారం కార్పొరేషన్‌ను నడిపేవి ప్రధానంగా మూడు: కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. నిర్ణయం కౌన్సిల్‌ది, అమలు కమిషనర్‌ది. పారిశుద్ధ్య కార్మికుల్ని ఏ వీధికి పంపాలి, ఏ ఫైలు మీద సంతకం పెట్టాలి అన్నది కమిషనర్, ఆయన కింది అధికారుల పని. కార్పొరేటర్ అధికారికి గుర్తు చేయొచ్చు, నిలదీయొచ్చు, సభలో ప్రశ్నించొచ్చు. మేస్త్రిని పిలిచి ఆదేశాలు ఇచ్చే అధికారం మాత్రం చట్టంలో రాసి లేదు. వాడుకలో ఇస్తారు, పనులూ జరుగుతాయి, అది వేరే సంగతి.

కాగితం మీద చూస్తే కార్పొరేటర్ అంటే 50 ఓట్లలో ఒక ఓటు. అది చిన్నదిగా కనిపిస్తుంది కానీ మేయర్‌ను ఎన్నుకునేదీ ఆ ఓటుతోనే. చేతులెత్తి ఎన్నుకుంటారు. స్థానిక ఎమ్మెల్యే, ఎంపీలకు ఎక్స్ అఫీషియో సభ్యులుగా అక్కడ చోటు ఉంటుంది. పార్టీ విప్ జారీ చేస్తే దానికి విరుద్ధంగా చెయ్యి ఎత్తినవాళ్లు పదవినే పోగొట్టుకోవాల్సి రావచ్చు. ఏటా బడ్జెట్ ఆమోదించేది కౌన్సిలే. పన్నులు, నీటి చార్జీలు, షాపుల లీజులు, పెద్ద పనుల అంచనాలు కూడా ఆ బల్ల మీదుగానే వెళ్తాయి. స్టాండింగ్ కమిటీకి ఏటా ఎన్నిక ఉంటుంది. మీ కార్పొరేటర్ అందులో ఉన్నారా లేదా అన్నది కనుక్కోండి. ఉంటే మీ వీధి పనికి అది నిజమైన బలం.

చేయకూడనివీ ఉన్నాయి. కార్పొరేషన్‌తో చేసుకున్న కాంట్రాక్టులో సొంత వాటా ఉన్నట్టు తేలితే సభ్యత్వం పోతుంది. ఎన్నికల ఖర్చు లెక్క గడువులోగా ఇవ్వకపోయినా అనర్హత వేటు పడుతుంది. ఓడినవాళ్లకూ ఆ లెక్క తప్పదు. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు పోటీకి అనర్హులన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని తొలగించింది. ఇంకా ఆ నిబంధన ఉందనుకుని పోటీకి వెనకాడేవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

వీధి డ్రెయిన్ ఎలా బాగుపడుతుంది?

కార్పొరేటర్ అసలు పని ఇక్కడ ఉంది కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

బందరు పల్లపు ప్రాంతం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్ నీళ్లు బయటికి పోవు. పైగా వెనక్కి తన్నుతాయి. గిలకలదిండి వైపు ఈ సమస్య మరీ ఎక్కువ. అందువల్ల ఇక్కడ డ్రెయిన్ అంటే సిమెంటు గోడలు కట్టి వదిలేస్తే సరిపోదు. వాలు ఎటు, నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయి, కలిసే చోట పూడిక ఎవరు తీస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. వీధి డ్రెయిన్ కార్పొరేషన్‌ది. అది వెళ్లి కలిసే శివగంగ డ్రెయిన్ లాంటి మేజర్ డ్రెయిన్లు జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానివి. చాలాసార్లు వీధిలో కొత్త కాలువ కట్టినా నీళ్లు నిలవడానికి కారణం ఈ రెండో భాగమే. అప్పుడు కార్పొరేటర్ ఇంటి ముందు ధర్నా చేస్తే ఉపయోగం ఉండదు. కౌన్సిల్లో తీర్మానం చేయించి ఆ శాఖకు పంపించమని అడిగితే ఉపయోగం ఉంటుంది.

సొంత డ్రెయిన్ విషయానికొస్తే దారి ఇలా ఉంటుంది. ముందు ప్రతిపాదన. వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ సెక్రటరీ గానీ అసిస్టెంట్ ఇంజినీరు గానీ వచ్చి కొలతలు తీసి అంచనా తయారు చేస్తారు. మొత్తాన్ని బట్టి కమిషనర్ స్థాయిలోనో, స్టాండింగ్ కమిటీలోనో, కౌన్సిల్లోనో పరిపాలనా అనుమతి వస్తుంది. తర్వాత టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, పని, ఎం-బుక్‌లో కొలతల నమోదు, చివరికి బిల్లు. ఈ మెట్లలో ఎక్కడైనా ఫైలు నిద్రపోవచ్చు. ఎక్కువగా రెండు చోట్ల ఆగుతుంది. ఒకటి, నిధి ఏ పద్దు నుంచి అన్నది తేలక. రెండు, పాత బిల్లులు రాని కాంట్రాక్టర్లు టెండరు వేయక.

నిధుల పద్దు గురించి ఒక వివరం తెలిస్తే కార్పొరేటర్‌తో మాట్లాడటం తేలికవుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు బందరు లాంటి నగరాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలన్న షరతు ఉంది. 40 శాతం మాత్రమే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. అంటే ఆ గ్రాంటు వరకు చూస్తే డ్రెయిన్‌కు, నీటి పైపుకు డబ్బు దొరకడం కమ్యూనిటీ హాలుకు దొరకడం కన్నా తేలిక. ఆర్థిక సంఘాలు మారినప్పుడు షరతులూ మారుతుంటాయి. "ఈ పని ఏ పద్దు కింద పెట్టారు?" అని అడగడం మాత్రం ఎప్పుడూ పనికొస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో మీరు ఊరికే రాలేదని అవతలివారికి తెలుస్తుంది.

పని మొదలయ్యాక కార్పొరేటర్ కళ్లే మీ కళ్లు. అంచనా కాపీ తెప్పించి ఎన్ని మీటర్లు, ఎంత లోతు, ఎంత మందం అన్నది వీధిలో నలుగురికి చెప్పమనండి. ఎం-బుక్‌లో కొలతలు ఎక్కి బిల్లు వెళ్లిపోయాక గోల చేస్తే పని చాలా కష్టం.

తాగునీటి సంగతి కూడా ఇలాంటిదే. గిలకలదిండి వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లే. కృష్ణా కాలువల నీటిని చెరువుల్లో నింపుకుని వేసవి గట్టెక్కాల్సిన ఊరు బందరు. కాలువలు కట్టేశాక, అంటే ఏప్రిల్, మే నెలల్లో, "నీళ్లు రావడం లేదు" అని అడిగితే ట్యాంకరు వస్తుంది. చెరువులు నిండాయా, శివారు వీధులకు ప్రెషర్ అందుతుందా అన్న ప్రశ్న ఫిబ్రవరి కౌన్సిల్లో పడితే శాశ్వతమైన పని ఏదైనా జరగడానికి వీలుంటుంది.

హార్బర్ దగ్గర ఎవరి పని ఎవరిది?

గిలకలదిండిలో ఏ కార్పొరేటర్‌కైనా మొదట ఎదురయ్యే ప్రశ్న హార్బర్ గురించే. మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. నీటి లోతు తగ్గితే బోట్లు పోటు కోసం ఎదురుచూడాలి. దీని మీద కార్పొరేషన్‌కు ఏ అధికారమూ లేదు. ఫిషింగ్ హార్బర్ నిర్మాణం రాష్ట్ర మారిటైమ్ బోర్డు చేతిలో, వేట వ్యవహారాలు మత్స్యశాఖ చేతిలో ఉంటాయి. రాష్ట్రంలో నాలుగు హార్బర్లకు 2020 నవంబరు 21న శంకుస్థాపన చేశారు. ఉప్పాడ, నిజాంపట్నం, జువ్వలదిన్నెతో పాటు మచిలీపట్నం వాటిలో ఉంది. పూడిక తీత, గోడల పొడవు లాంటివి ఆ సంస్థల ఇంజినీర్లు తేల్చాల్సినవి. హార్బర్ బయట చేపల వ్యర్థాలు, రోడ్డు మీద నిలిచే ఐసు నీళ్లు, వీధి లైట్లు, ఎండు చేపల వాడల్లో చెత్త సేకరణ మాత్రం కార్పొరేషన్ పనే. అక్కడ కార్పొరేటర్‌ను వదిలిపెట్టాల్సిన అవసరం లేదు.

వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఆ కాలానికి ఇచ్చే భృతి గతంలో రూ.10 వేలు. 2025 నుంచి రూ.20 వేలకు పెంచారు. సముద్రంలో వేటకు వెళ్లే 21 నుంచి 60 ఏళ్ల మధ్యవారు అర్హులు. జాబితా తయారు చేసేది మత్స్యశాఖ. నిషేధం మొదలయ్యే రోజుల్లో బోటు, దాని మీద పనిచేసేవాళ్లు ఒడ్డున ఉన్నారా అని లెక్క తీస్తారు. ఆ రోజు వేరే రేవులో ఉన్నా, బోటు రిజిస్ట్రేషన్ కాగితం లేకపోయినా పేరు రాకపోవచ్చు. ఇక్కడ కార్పొరేటర్ చేయగలిగింది రెండు పనులు. లెక్కకు వచ్చే తేదీని ముందే వాడవాడలా చెప్పించడం, ముసాయిదా జాబితాను సచివాలయం గోడ మీద పెట్టించి పేరు లేనివాళ్లతో గడువులోగా అభ్యంతరం రాయించడం. తుది జాబితా వెళ్లాక పేరు ఎక్కిస్తానని ఎవరైనా చెబితే నమ్మకండి.

పెన్షన్‌కూ ఇలాంటిదే ఒక లెక్క ఉంది. సాధారణ వృద్ధాప్య పెన్షన్‌కు 60 ఏళ్లు నిండాలి. మత్స్యకారులకు 50 ఏళ్లు చాలు. 2024 జులై నుంచి నెలకు రూ.4 వేలు ఇస్తున్నారు. 50 దాటిన మత్స్యకారుడు 60 దాకా ఆగాలనుకుని పదేళ్లు పోగొట్టుకోవడం కన్నా అన్యాయం లేదు. కొత్త కార్పొరేటర్‌కు నిజంగా పేరు తెచ్చే పని ఏదంటే శంకుస్థాపన శిలాఫలకం కాదు, ఇలాంటి పేర్లు వెతికి దరఖాస్తు చేయించడం అనే చెబుతాం.

ఇక ఇల్లు. హార్బర్ చుట్టుపక్కల, ఉప్పు కాలువల వెంట కట్టే ఇళ్లకు తీర నియంత్రణ మండలి నిబంధనలు వర్తించవచ్చు. పోటు నీరు ఎక్కే కాలువ గట్టు నుంచి కూడా దూరం లెక్కిస్తారు. 2011 నోటిఫికేషన్‌లో ఆ దూరం 100 మీటర్ల వరకు ఉండేది. 2019 నోటిఫికేషన్‌లో దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. ప్లాన్ అనుమతి ఆన్‌లైన్‌లో టౌన్‌ప్లానింగ్ విభాగం నుంచి రావాలి. "నేను చూసుకుంటా, పునాది వేసేయండి" అన్న కార్పొరేటర్ మాట నోటీసు వచ్చిన రోజున అక్కరకు రాదు.

కరెంటు స్తంభం ఒరిగితే 1912కు ఫోన్ చేయాలి, అది విద్యుత్ పంపిణీ సంస్థ పని. రేషన్‌కు 1967. పుణె నుంచి వచ్చి బందరులో ముగిసే 65వ నంబరు జాతీయ రహదారి మీద గొయ్యి పడితే అది కార్పొరేషన్ గొయ్యి కాదు. కులం, ఆదాయం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలు తహసీల్దారు ఇస్తారు.

కార్పొరేటర్ సంతకం ఎక్కడ చెల్లుతుంది?

"ఫలానా వ్యక్తి నాకు తెలుసు" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చే కాగితానికి చాలా ఆఫీసుల్లో చట్టపరమైన విలువ లేదు. ఒకచోట మాత్రం ఉంది. ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి వేరే ఆధారమేదీ లేనివాళ్లకు ఆధార్ సంస్థ ఒక నమూనా ధ్రువపత్రం పెట్టింది. ఎంపీ, ఎమ్మెల్యే, గెజిటెడ్ అధికారితో పాటు మున్సిపల్ కౌన్సిలర్ కూడా దాని మీద సంతకం చేయొచ్చు. ఫొటో అంటించి దాని మీదుగా సంతకం, ముద్ర పడాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుబాటు. ఫారం ఆధార్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. లెటర్‌హెడ్ మీద రాసిస్తే చాలదు, ఆ ఫారంలోనే ఉండాలి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు, వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కార్పొరేటర్ దీనికి ఫీజు తీసుకోకూడదు.

జనన మరణాల నమోదుకు కార్పొరేటర్ సంతకం అక్కర్లేదు. 21 రోజుల్లోపు ఉచితంగా నమోదవుతుంది. ఆ తర్వాత ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారం. అందుకే ఆలస్యం చేయకండి. ఇంట్లో జరిగిన మరణాలే ఎక్కువగా నమోదు కాకుండా పోతుంటాయి. అలాంటి కబురు ముందు చేరేది కార్పొరేటర్‌కే. పలకరించి వచ్చేటప్పుడు "21 రోజులమ్మా, మర్చిపోకండి" అని ఒక మాట చెప్పి వచ్చే కార్పొరేటర్ ఆ ఇంటికి చాలా మేలు చేసినట్టే.

వేటకు వెళ్లి తిరిగి రానివారి ఇంటి పరిస్థితి వేరు. మృతదేహం దొరకకపోతే ధ్రువపత్రం తేలిగ్గా రాదు. ఏడేళ్లు ఆచూకీ లేకుంటే మరణించినట్టు భావించే సాధారణ సూత్రం చట్టంలో ఉంది కానీ ఆ ఏడేళ్లు ఆ ఇల్లు ఎలా గడవాలి? అందుకని మొదటి గంటల్లోనే కాగితం పుట్టాలి. గాలింపునకు కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీస్ నంబరు 1093. పోలీసు ఫిర్యాదు, బోటు మీద ఎవరెవరున్నారన్న వివరం, తోటి వేటగాళ్ల వాంగ్మూలాలు, మత్స్యశాఖకు రాతపూర్వక సమాచారం ఉండాలి. నష్టపరిహారం ఫైలు నడిచినా ఆగినా ఈ కాగితాల మీదే. ఏడుపుల మధ్య ఇవన్నీ ఆ ఇంటివాళ్లకు తోచవు. పక్కన నిలబడి రాయించాల్సిన మనిషి కార్పొరేటరే.

తుపాను రోజున

1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచేసింది. సుమారు 30 వేల మంది చనిపోయారని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్నీ తాకింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా ఇక్కడివాళ్లు సామాన్లు సర్దుకున్నారు.

ఖాళీ చేయించే అధికారం రెవెన్యూ, పోలీసు యంత్రాంగానిది. పునరావాస కేంద్రం తెరిచేదీ వాళ్లే. కార్పొరేటర్ దగ్గర ఉండేది ఇంకొకటి. ఏ ఇంట్లో మంచం మీద ముసలాయన ఉన్నాడు, ఏ అమ్మాయికి నెలలు నిండాయి, ఇల్లు వదిలి రానని ఎవరు మొండికేస్తారు అన్నది అధికారి జాబితాలో ఉండదు. అది వీధిలో తిరిగే మనిషికే తెలుస్తుంది. అక్టోబరు రాకముందే ఆ పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నారా అని మీ కార్పొరేటర్‌ను అడగండి. తుపాను తర్వాత నష్టం లెక్క రాసేటప్పుడు వల, ఇంజను, పడవ పాడైనట్టు ఫొటోలు మీరే తీసి పెట్టుకోండి. తేదీ పడేలా తీస్తే మంచిది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబరు 1070, అత్యవసరానికి 112.

పెళ్లిళ్లు, పంచాయితీలు, భర్తగారి ఫోన్లు

చట్టంలో రాయని డ్యూటీ ఇంకొకటి ఉంది. పెళ్లికి పిలుస్తారు, రాకపోతే "గెలిచాక మారిపోయాడు" అంటారు. దినానికి రాకపోతే ఇంకా ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు. అమ్మవారి జాతరకు చందా, వినాయక చవితికి పందిరి, క్రిస్మస్‌కు కేకు. వరసలు కూడా ఓట్లతో పాటే వస్తాయి. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచినవాళ్లు అన్నా, అక్కా, బాబాయ్ అంటారు. ఆఫీసుల్లో మాత్రం కార్పొరేటర్ గారూ అంటారు. ఈ ఖర్చులకు సరిపోయేంత గౌరవ వేతనం ఎక్కడా లేదు. చందాల భారం పెరిగేకొద్దీ ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నది కూడా వీధి ఆలోచించాల్సిన విషయమే.

మత్స్యకార వాడల్లో కులపెద్దల మాటకు విలువ ఎక్కువ. గట్టు తగాదా, బాకీ తగాదా ముందు అక్కడికే వెళ్తాయి. కార్పొరేటర్ ఆ పెద్దలతో కలిసి కూర్చుని సర్దిచెప్పడం వరకు మంచిదే. గృహహింస, పిల్లలపై అఘాయిత్యం, బాల్యవివాహం లాంటివి అక్కడ తేల్చేవి కావు. అవి పోలీసులకు వెళ్లాల్సినవి. వాటిని సర్దుబాటు చేయమని కార్పొరేటర్‌ను అడగడమూ తప్పే, ఆయన ఒప్పుకోవడమూ తప్పే.

రాజ్యాంగం మహిళలకు మూడో వంతు సీట్లు తప్పనిసరి చేసింది. మన రాష్ట్ర చట్టం దాన్ని సగానికి పెంచింది. కానీ గెలిచిన చాలా డివిజన్లలో ఫోన్ ఎత్తేది భర్త, తనిఖీకి వచ్చేది భర్త, ఫ్లెక్సీలో పెద్ద ఫొటో కూడా భర్తదే. చట్టం దృష్టిలో ఆయన మీలాంటి మామూలు పౌరుడు. అధికారుల సమీక్షలో కూర్చునే హక్కు ఆయనకు లేదు. అర్జీ ఎప్పుడూ కార్పొరేటర్ పేరు మీదే రాయండి, వీలైనంతవరకు ఆమె చేతికే ఇవ్వండి. నలుగురు ఆడవాళ్లు కలిసి నేరుగా ఆమెనే కలవడం మొదలుపెట్టిన వీధుల్లో లెక్క మారుతుంది.

డబ్బు అడిగితే? జవాబే రాకపోతే?

ఇల్లు కట్టుకుంటుంటే ఇసుక దిగగానే ఎవరో వచ్చి "వార్డు తరఫున" ఇంత అని అడగడం చాలా నగరాల్లో వినే మాటే. అలాంటి రుసుము ఏ చట్టంలోనూ లేదు. కార్పొరేషన్‌కు కట్టేది ఏదైనా రశీదుతోనే. లంచం అడిగింది అధికారి అయినా, ఎన్నికైన ప్రతినిధి అయినా ఏసీబీకి 1064లో చెప్పొచ్చు.

ఇంటిపన్నులోనూ మధ్యవర్తి అక్కర్లేదు. 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. సొంతంగా నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి రూ.50 మాత్రమే. హార్బర్ చుట్టూ అలాంటి చిన్న ఇళ్లు ఉన్నవాళ్లు తమ డిమాండ్ నోటీసులో విస్తీర్ణం ఎంత రాశారో ఒకసారి సరిచూసుకోవాలి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది.

మామూలు ఫిర్యాదుకు మొదటి మెట్టు వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో సిబ్బంది లెక్కలు మారుతూ వచ్చినా పారిశుద్ధ్యం, సౌకర్యాలు, సంక్షేమం, ప్లానింగ్‌కు విడివిడిగా బాధ్యులు ఉంటారు. వాట్సాప్‌లో మన మిత్ర నంబరు 95523 00009లో చాలా సేవలు దొరుకుతాయి. అక్కడ పని కాకపోతే 1100కు ఫోన్ చేయొచ్చు. లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. కృష్ణా జిల్లా కేంద్రం బందరే కాబట్టి గిలకలదిండి వాళ్లకు కలెక్టరేట్ దూరం కాదు.

కార్పొరేటర్‌కు ఇచ్చే అర్జీ ఒక పేజీ దాటకుండా చూడండి. వీధి పేరు, దగ్గరి డోర్ నంబరు, కరెంటు స్తంభం నంబరు, ఎన్నాళ్ల నుంచి సమస్య, రెండు ఫొటోలు, కింద నలుగురి సంతకాలు ఉంటే చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. కౌన్సిల్ సమావేశం తేదీ ముందే తెలుస్తుంది. దానికి పది రోజుల ముందు ఇస్తే ప్రశ్న రూపంలో సభకు వెళ్లే అవకాశం ఎక్కువ. సభ అయ్యాక ఆ ప్రశ్నకు ఏం జవాబు చెప్పారో మినిట్స్‌లో ఉంటుంది. మినిట్స్ ఇవ్వమంటే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద రూ.10 ఫీజుతో కార్పొరేషన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.